మూడో బహుమతి

టీలా తాగే మాతే ఆకు కిలో పొట్లాన్ని తెల్మా తెచ్చి కాటా మీద పెట్టింది. ఎర్ర అంకెలు అటూ ఇటూ ఊగి ఆగాయి. తొమ్మిది వందల ఇరవై గ్రాములు.

"అందరూ చూడండి," అంది తెల్మా. "పొట్లం విప్పలేదు. మీద కిలో అని అచ్చుంది. ఎనభై గ్రాములు ఎవడు మింగాడు?"

ఒరెస్తే ఫనెల్లి చెవి మీద పెన్ను తీసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు. రేవులో ఆ చేపల ఫ్యాక్టరీకి అతను మేస్త్రీ. నలభై మంది ఆడవాళ్ళు కోసిన చేపంతా అతని కాటా మీదుగానే పోవాలి. కాటా ఎంత చెబితే అంతే కూలి.

"ఆకు ఎండిపోయి ఉంటుంది," అన్నాడు.

బల్లల వెంట నవ్వు పాకింది. "ఎండితే చిక్కాలి కదయ్యా! ఇది నీ పొట్టలాగే నున్నగా ఉందే!" అని చివరి బల్ల దగ్గర్నుంచి అరిచింది జులేమా.

ఆ నవ్వు అతనికి పడలేదు. మొహం కందిపోయింది. "ఇకమీదట కాటా మీద చేప తప్ప ఇంకేదన్నా పెట్టారో, ఇంటికి పంపిస్తా. నా కాటా మీద నమ్మకం లేదా? మీది మీరు తెచ్చుకోండి. దీని పక్కనే పెట్టుకోండి, వద్దన్నానా? కానీ సర్కారు ముద్ర ఉండాలి. ముద్ర లేనిది డొక్కు డబ్బా."

నలభై మంది ముందు అన్నాడా మాట. ధైర్యంగానే అన్నాడు. ముద్ర ఉన్న కాటా ఖరీదు ఒక మనిషి మూడు నెలల కష్టమని అతనికీ తెలుసు, వాళ్ళకీ తెలుసు.

నెలీదా ఇంత గొడవలోనూ తల తిప్పలేదు. మెర్లూసా చేపను ఎడమచేత్తో అదిమి, మొప్ప వెనక కత్తి దించి, వెన్నెముక మీద ఆనించి తోకదాకా ఒక్క లాగుడు లాగింది. తిప్పింది. రెండో పక్క. తోలు ఒలిచింది. మధ్యలో ముళ్ళ వరసను రెండు గాట్లతో తీసి పడేసింది. ఒక్కో చేపకు పదిహేను సెకన్లు. పెట్టె నిండగానే వేలి కణుపులతో బల్ల మీద టక్ టక్ మని రెండుసార్లు కొట్టింది. నీళ్ళ హోరులో, యంత్రాల మోతలో గొంతు వినపడదు. రేకు తొడిగిన బల్ల మీద దెబ్బ మాత్రం పెట్టెలు మోసే ముసలి ఎవుసేబియోకు ఎక్కడున్నా తెలుస్తుంది. రెండు దెబ్బలంటే "నిండింది, తీసుకుపో" అని. ఇరవై రెండేళ్ళుగా అదే. ఇప్పుడా దెబ్బలు నెలీదా కొట్టదు, చెయ్యి దానంతటదే కొడుతుంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం పడవ ఆలస్యమైంది. చేప లేదు. ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలో బల్ల చుట్టూ చేరి పేక తీశారు. వాళ్ళ ఆట పోకరు. మనిషికి రెండు ముక్కలు మూసి ఇస్తారు, బల్ల మధ్యలో అందరికీ కలిపి ఐదు తెరుస్తారు, ఏడింట్లో మంచి ఐదు ఎవరికి కుదిరితే వాళ్ళది. ముక్కలు నచ్చకపోతే పడేసి తప్పుకోవచ్చు. నచ్చినా నచ్చకపోయినా నచ్చినట్టు మొహం పెట్టొచ్చు, అదే ఆట. పందేనికి డబ్బులు వాడరు. కొర్వినా చేప తలలో రెండు తెల్లరాళ్ళుంటాయి, చెవిరాళ్ళు. వాటితో ఆడతారు. ప్రతి శుక్రవారం చివరికి రాళ్ళన్నీ నెలీదా ముందే గుట్టపడతాయి.

తెల్మా జేబులోంచి ఒక కాగితం తీసి రాళ్ళ మీద పరిచింది. లా బోయా క్లబ్బు పైకప్పు కోసం పోకరు పోటీ, శని, ఆదివారాలు. ఆడాలంటే మనిషికో జింకు రేకు తేవాలి. బహుమతులు బజారు కొట్లవాళ్ళు ఇచ్చినవి. మొదటిది, ఇగ్వాసు జలపాతాలకు ఇద్దరికి ఎనిమిది రోజుల ప్రయాణం. రెండోది, గోడంత టీవీ. మూడోది...

"చదవవే," అంది తెల్మా.

జులేమా కళ్ళజోడు పైకి నెట్టుకుని చదివింది. "ఎలక్ట్రానిక్ కాటా. అరవై కిలోల దాకా. సర్కారు ముద్రతో."

 గదిలో అందరూ నెలీదా వైపు చూశారు.

"నావైపు చూడకండి. అక్కడికి రేవులో ఉన్న మొనగాళ్ళంతా వస్తారు. నేను గెలవలేను."

"గెలవమని ఎవరన్నారే?" అంది తెల్మా. "మూడో స్థానంలో రా, చాలు. గెలిచావంటే తంతాం."

*

శనివారం పొద్దున సముద్రం మీది గాలి మనిషిని ఒంగదీస్తోంది. ఐదుగురు ఆడవాళ్ళు చందా వేసి కొన్న రేకును నెత్తిన పట్టుకుని క్లబ్బుకు నడిచారు. గాలికి రేకు లేస్తే దాంతో పాటు జులేమా కూడా లేచింది. "వదలకండే, నన్ను ఉరుగ్వేలో దింపేట్టుంది!" అని ఆమె కేకలు. రొట్టెల కొట్టువాడు బయటికొచ్చి నవ్వి, వేడివేడి మెదియాలూనా రొట్టెలు ఓ పొట్లం కట్టి ఆమె జేబులో కుక్కాడు. చేతులు ఖాళీ లేవు కదా.

యాభై నలుగురు, ఆరు బల్లలు. క్లబ్బు కార్యదర్శి అమిల్కార్ మెళ్ళో ఈల వేసుకుని రూలు చదివాడు. అందరికీ సమానంగా బిళ్ళలు. ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా కట్టాల్సిన గుడ్డి పందెం ఈల ఊదినప్పుడల్లా పెరుగుతుంది. బిళ్ళలైపోయినవాడు లేచిపోవాలి. ఆదివారం సాయంత్రం నాలుగింటికల్లా తేలిపోవాలి, ఐదింటికి హాల్లో ఎవరిదో పదిహేనేళ్ళ పుట్టినరోజు.

రెండు గంటలకల్లా లోకం మూడు ముక్కలైంది. పెద్ద గుట్టల వాళ్ళు, చిన్న గుట్టల వాళ్ళు, నడిమి గుట్టల వాళ్ళు. నెలీదాది నడిమి గుట్ట. ఏ బల్ల దగ్గర చూసినా అంతే, పెద్ద గుట్టవాడు తప్పు చేసినా బతుకుతాడు, కాబట్టి వాడికి భయం లేదు. చిన్న గుట్టవాడికి పోగొట్టుకునేది లేదు, వాడికీ భయం లేదు. నడిమివాడికే భయం. ఉన్నది పోతుందేమోనని ముడుచుకుని కూర్చుంటాడు, గుడ్డి పందెం వాణ్ణి ఆటకింత కొరుక్కుతింటుంది. వాడు జాగ్రత్త అనుకునేదాన్నే చావడం అంటారు.

నెలీదా ముడుచుకోలేదు. పెద్ద గుట్టవాడు పందెం వేస్తే మర్యాదగా ముక్కలు పడేసింది, వాడితో పని లేదు. చిన్న గుట్టవాడు ఉన్నదంతా తోస్తే చాలా మంచి ముక్కలుంటేనే తనూ అంత పందెం కట్టి చూసింది. కానీ వంతు తనదాకా వచ్చేసరికి ఎవరూ కదలకపోతే తనే ముందు తోసింది. ముక్కలేమిటని పెద్దగా చూడలేదు, తన తర్వాత ఎవరున్నారని చూసింది. తన తర్వాత తనలాంటి నడిమి గుట్టవాళ్ళుంటే చాలు. వాళ్ళకు భయం. పడేస్తారు.

మధ్యలో కాసేపు ఆపితే తెల్మా మాతే పోసిన సొరబుర్ర చేతికిచ్చింది. "ఏం చేస్తున్నావే? ఒక్కసారి కూడా ముక్కలు చూపించలేదు, గుట్ట మాత్రం కరగట్లేదు."

"అడిగేవాడి కంటే ముందు చెప్పేవాడిదే పైచెయ్యి," అంది నెలీదా పీలుస్తూ. "నేను తోస్తే, వాడు పడేస్తే నాదే. వాడు చూస్తే నాకింకా ఓ అవకాశం ఉంటుంది. నేను వాడి పందెం చూశాననుకో, ముక్క పడితేనే బతుకు. నడిమి గుట్టకి రెండే పనులు. ఎవడన్నా తోస్తే తప్పుకో. ఎవడూ తోయకపోతే నువ్వు తోయి."

"ఈ పని మనం మేస్త్రీతో ఎందుకు చేయలేదే ఇన్నాళ్ళూ?" అంది తెల్మా.

మేస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు. నాలుగో బల్ల. సెంటు కొట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వెనక అతని భార్య మాబెల్, కుర్చీలో దిండు వేసుకుని ఊలు అల్లుతూ. ఎవరు పలకరించినా ఒకటే మాట. "పెళ్ళయిన కొత్తలో ఇగ్వాసు తీసుకెళ్తానన్నాడు. పద్దెనిమిదేళ్ళయింది. ఈసారి పేకముక్కలన్నా తీసుకెళ్తాయేమో చూద్దాం."

సాయంత్రానికి తొమ్మిది మంది మిగిలారు. గుట్టల వరసలో నెలీదా ఐదోది, ఒరెస్తే ఆరోవాడు. అందరికంటే పెద్ద గుట్ట దోన్ కయెతానోది. ఓడల్ని రేవులోకి లాక్కొచ్చే టగ్గు పడవను నలభై ఏళ్ళు నడిపి దిగిన పెద్దాయన.

*

ఆదివారం ఒకటే బల్ల. హాలంతా జనం. గోడవార ఓ బల్ల మీద బహుమతులు పెట్టారు. టీవీ, రంగురంగుల జలపాతం బొమ్మ, నాలుగో స్థానానికి రెండు పెట్టెల సీడరు అనే ఆపిల్ సారా, మధ్యలో కాటా. తళతళలాడే పళ్ళెం, దాని కింద సీసపు ముద్ర. ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ముప్పైమందికి పైగా దాని పక్కనే గుంపుగా నిలబడ్డారు, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు.

పంచేది అమిల్కారే. ఇద్దరు త్వరగానే లేచిపోయారు. ఏడుగురున్నప్పుడు నెలీదాకు రెండు రాజులొచ్చాయి. గుడ్డి పందెం తనదే. ఐసు ఫ్యాక్టరీవాడూ, దోన్ కయెతానో అంతే కట్టి ఊరుకున్నారు. ఇప్పుడు మొత్తం తోసేయాలి. అంతా కుదిరింది, ఇక ఆలోచించేది లేదనుకుంది.

చెయ్యి లేచింది. టక్ టక్. బల్ల మీద రెండు దెబ్బలు. ఆ తర్వాత బిళ్ళలన్నీ ముందుకు తోసింది.

"ఆగు," అన్నాడు అమిల్కార్. "బల్ల మీద కొడితే పాస్. పందెం లేనట్టే. బిళ్ళలు వెనక్కి తీసుకో."

"నేను పాస్ అనలేదు!"

"నోరు అనలేదు, చెయ్యి అంది. రూలు రూలే."

ఒరెస్తే కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "పెట్టె నిండిందా నెలీదా? ఎవుసేబియోని పిలవనా?"

హాలంతా గొల్లుమంది. గుంపులో ఉన్న ముసలి ఎవుసేబియో నిజంగానే రెండడుగులు ముందుకేసి ఆగిపోయాడు. దానికి ఇంకా నవ్వారు. నెలీదా చెవులు ఎర్రబడ్డాయి. బిళ్ళలు వెనక్కి లాక్కుంది.

అమిల్కార్ మూడు ముక్కలు తెరిచాడు. తొమ్మిది, ఆరు, రెండు. ఐసు ఫ్యాక్టరీవాడికి తొమ్మిదితో జత కుదిరింది కాబోలు, పాస్ అన్నదాని దగ్గర ఏముంటుందిలే అనుకుని ఉన్నదంతా తోశాడు. కయెతానో తప్పుకున్నాడు. నెలీదా చూసింది. రాజులు తిప్పేసరికి ఐసువాడి నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉంది. మిగతా రెండు ముక్కలూ అతన్ని ఆదుకోలేదు. లేచి, నెలీదా చేతిని పట్టుకుని కణుపులు చూసి, "వీటికి నా తరఫున ఓ ముద్దు పెట్టుకో," అని వెళ్ళిపోయాడు.

నవ్వు బాగానే ఉంది గానీ ఒక నష్టం జరిగింది. మంచి ముక్కలొస్తే నెలీదా చెయ్యి లేస్తుందని బల్లంతటికీ తెలిసిపోయింది. రెండు ఆటల తర్వాత ఆసూ రాణీ వచ్చాయి. చెయ్యి కాస్త లేచింది, అందరూ టకటకా పడేశారు. "చెయ్యి మీద కూర్చోవే!" అని అరిచింది జులేమా. అప్పట్నించి నెలీదా కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని, ఎడమచేత్తో ఆడింది.

పన్నెండింటికి నలుగురు మిగిలారు. ఇళ్ళు అమ్మిపెట్టే ఒకాయన చిన్న గుట్టతో తోసి, పోయి, సీడరు పెట్టెల మీద కూర్చుని ఒక సీసా అక్కడే విప్పాడు. ఇక ముగ్గురు. కయెతానో ముందు కొండ, నెలీదా ముందు నడిమి గుట్ట, ఒరెస్తే ముందు అంతకంటే కాస్త చిన్నది.

"ఇంక పోవే నెలీదా!" అని గుంపులోంచి తెల్మా కేకేసింది. "వచ్చెయ్! వచ్చెయ్!"

"ఇదేం చోద్యం, సొంతవాళ్ళే పొమ్మంటున్నారు!" అన్నాడు కయెతానో.

ఒరెస్తే మాత్రం నవ్వలేదు. అతను గుంపు వైపు చూశాడు. గుంపు కాపలా కాస్తున్న బల్ల వైపు చూశాడు. కాటా. సీసపు ముద్ర. శుక్రవారం నలభై మంది ముందు తన నోటితో తను అన్న మాట. మొహంలో రక్తం దిగిపోయింది. అప్పటిదాకా ఇగ్వాసు కోసం ఆడుతున్న మనిషి, ఆ నిమిషం నుంచి మూడో స్థానం కోసం ఆడటం మొదలుపెట్టాడు.

అమిల్కార్ ఈల తీసి చేత పట్టుకున్నాడు. "ముందే చెబుతున్నా. కావాలని ఓడిపోయినట్టు కనిపించిందా, ఏ బహుమతీ లేదు. మనుషుల్లా ఆడండి."

బతకడం ఎలాగో నెలీదాకు తెలుసు. రెండు రోజులుగా చేస్తున్నది అదే. మర్యాదగా చావడం ఎలాగో తెలియలేదు. సరే, తనకు తెలిసిన పనే చేద్దాం, ముందు తోద్దాం, ఎవరో ఒకరు చూడకపోతారా అనుకుంది. ఏడు, రెండు వచ్చాయి. పేకలో అంతకంటే దరిద్రపు ముక్కలు లేవు. మొత్తం తోసింది.

ఒరెస్తే క్షణంలో పడేశాడు. కయెతానో గడ్డం గోక్కున్నాడు. తన ముక్కలు హాలంతటికీ తిప్పి చూపించాడు. ఎనిమిదుల జత. "రాజుల ఎదుట ఎనిమిదులా? నేనంత వెర్రివాణ్ణి కాదు," అని పడేశాడు.

"ఇంకొంచెం ఆలోచించండి, దోన్ కయెతానో," అంది నెలీదా. 

"అమ్మాయ్, నన్ను రెచ్చగొట్టకు. ఈ ఎత్తు నాకు తెలుసు."

మళ్ళీ తోసింది. మళ్ళీ పడేశారు. పది, మూడు. ఆరు, నాలుగు. పోదామన్న ప్రతిసారీ ఇద్దరి గుడ్డి పందేలూ వచ్చి ఆమె గుట్టలో పడుతున్నాయి. గుంపులో ఏడుపు మొహాలు. బతకాలని తోసినా, చావాలని తోసినా తోయడం తోయడమే, చూసేవాడికి భయం భయమే. ఆట నెలీదా మాట వినడం లేదు, నెలీదా నేర్పిన పాఠం వింటోంది.

ఒకసారి ఒరెస్తే ముక్కలు చూసుకుని చాలాసేపు ఆగాడు. అతని వెనక మాబెల్ ఊలుసూదులు ఆగిపోయాయి. అయినా పడేశాడు. మాబెల్ అతని మెడ వెనక భాగాన్ని అదేపనిగా చూసింది.  సూదులు మళ్ళీ కదల్లేదు.

తర్వాతి ఆటలో ఒరెస్తే తనే ముందు మొత్తం తోశాడు. అమిల్కార్ కనుబొమ్మలెత్తాడు. "ఒరెస్తే, ఇది ఆటేనా?"

"చిన్న గుట్ట, పెద్ద గుడ్డి పందెం. తోయక దాచుకోమంటావా?"

తప్పుపట్టడానికి లేదు. నెలీదా చేతిలో నాలుగు, రెండు ఉన్నాయి. తనూ దూకి లాభం లేదు. ఇద్దరూ ఒకేసారి పోతే పెద్ద గుట్ట ఉన్నవాళ్ళది రెండో స్థానమని రూలు. పనికిమాలిన ముక్కలతో పోగుపడ్డ గుట్టే ఇప్పుడు ఆమెకు అడ్డం. పడేసింది. కయెతానో చూశాడు. ఆయనది ఆసూ పదీ, ఒరెస్తేది తొమ్మిదీ మూడూ. బల్ల మీద ఐదు ముక్కలు తెరిచారు. ఒరెస్తేకు ఒక్కటీ కలవలేదు.

ఒరెస్తే ఎగిరి గంతేశాడు. "మూడో స్థానం! కాటా నాది!"

ఓడిపోయినవాడు అంత సంతోషపడటం రేవులో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.  అతను ఫ్యాక్టరీ ఆడవాళ్ళను నెట్టుకుంటూ వెళ్ళి కాటాను రెండు చేతుల్తో ఎత్తి గుండెలకు హత్తుకున్నాడు.

"ఒరెస్తే," అంది మాబెల్. లేచి నిలబడింది. ఊలుండ దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. "ఇందాక నీ చేతిలో రెండు రాణులున్నాయి."

"ఏ... ఎప్పుడు?"

"నీ వెనకే కూర్చున్నా. కళ్ళజోడు పెట్టుకునే ఉన్నా. రెండు రాణులు. పడేశావు. దేనికి? ఆ ఇనప పళ్ళెం కోసమా? అక్కడ టీవీ ఉంది. అక్కడ నా ఇగ్వాసు ఉంది!"

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం మాబెల్..."

"రెండు రాణుల్ని పడేశావు. నన్ను కలిపితే మూడు!"

ఆ నవ్వుకు హాలు పైకప్పు మీది పాత రేకులు ఊగాయి. అమిల్కార్ ఈల మీద ఈల ఊదాడు. "నిశ్శబ్దం! ఆట అవలేదు! ఇంకా ఇద్దరున్నారు!"

మాబెల్ మొగుడి పక్కకు వెళ్ళలేదు. ముందు వరసలోకి వచ్చి కూర్చుంది. ఆమె ఆటనూ చూడలేదు, ఒరెస్తేనూ చూడలేదు. గోడవారనున్న జలపాతం బొమ్మను చూస్తూ కూర్చుంది.

నెలీదా ఆ చూపును చూసింది. నెమ్మదిగా తెల్మా వైపు తిరిగింది.

"ఏమే, ఇప్పుడు గెలిస్తే తంతారా?"

తెల్మాకు ముందు అర్థం కాలేదు. నెలీదా కళ్ళ వెంట చూపు పోనిచ్చింది. మాబెల్. బొమ్మ. కాటాను కౌగిలించుకుని నిలబడ్డ మేస్త్రీ. తెల్మా మొహం పొయ్యి రాజుకున్నట్టు వెలిగింది.

"గెలవకపోతే తంతాం!"

కయెతానో దగ్గర బిళ్ళలు ఐదింట మూడొంతులు, నెలీదా దగ్గర రెండొంతులు. ఇద్దరే ఉన్నప్పుడు నడిమి గుట్ట అనేది లేదు, ఉన్నది పెద్దదీ చిన్నదీ. నెలీదా తొడ కింది నుంచి కుడిచెయ్యి తీసింది. తిమ్మిరెక్కింది. విదిలించింది.

"ఇప్పుడు నిజంగా ఆడతావన్నమాట," అన్నాడు కయెతానో.

"ఇప్పటిదాకా ఆడిందీ నిజమే, దోన్ కయెతానో. ఎటు వెళ్ళాలో మారింది, అంతే."

"నలభై ఏళ్ళు ఓడల్ని లాగాను. నాకంటే పెద్దవాటినే లాగాను. నీకు ఊరికే ఇవ్వను."

"ఊరికే ఇస్తే నాకొద్దు."

అరగంట ఆడారు. పెద్దాయన గట్టివాడు, ఊరికే ఇవ్వలేదు. ఒకసారి బల్ల మధ్యలో చాలా బిళ్ళలు పోగయ్యాయి. నెలీదా చేతిలో జాకీ, ఐదు, ఏదీ కలవలేదు. ఆమె కుడిచెయ్యి బల్ల మీంచి నాలుగు వేళ్ళెత్తు లేచింది. గాల్లో ఆగింది. గబుక్కున ఎడమచేత్తో దాన్ని పట్టి దించి, బిళ్ళలు తోసింది. కయెతానో ఆ చెయ్యినే చూశాడు. నిట్టూర్చి ముక్కలు పడేశాడు. నెలీదా తన ముక్కలు ఎవరికీ చూపించకుండా పేకలో కలిపేసింది. గుట్టలు ఇంచుమించు సమానమయ్యాయి.

ఆ తర్వాత ఆటలో ఐదుల జత వచ్చింది. చెయ్యి కదల్లేదు. ముందు తోసింది. చెయ్యి కదల్లేదన్న సంగతి పెద్దాయన గమనించాడు. "ఈసారి పెట్టె ఖాళీ," అని ఆసూ జాకీ తిప్పుతూ చూశాడు. ఐదు ముక్కలు తెరిచారు. నాలుగు, పది, రాజు, పది, ఎనిమిది. ఆసు రాలేదు. జాకీ రాలేదు. పాపం చిన్న ఐదులు నిలబడ్డాయి. బిళ్ళలు లెక్కచూస్తే కయెతానోకు నాలుగు మిగిలాయి. తర్వాతి ఆటలో అవీ పోయాయి.

పెద్దాయన లేచి ఆమె నెత్తిన చెయ్యి పెట్టాడు. "జలపాతం చూడు, తల్లీ. నాకు మోకాళ్ళ నొప్పులు. టీవీలో నేనూ చూస్తా."

అమిల్కార్ టిక్కెట్ల కవరు నెలీదా చేతికిచ్చాడు. ముప్పైమంది ఆమెను ఎత్తబోయారు, కుర్చీ విరిగింది, అందరూ కింద పడ్డారు. ఆ కుప్పలోంచి నెలీదా మోకాళ్ళ మీద పాక్కుంటూ బయటికొచ్చేసరికి మాబెల్ బూట్లు ఎదురుగా ఉన్నాయి.

మాబెల్ చెయ్యి చాపింది. లేవదీయడానికి ఒక చెయ్యి. కవరు కోసం ఇంకో చెయ్యి.

"ఆ టిక్కెట్లు ఇటివ్వమ్మా. కాటా నువ్వు తీసుకో."

"మాబెల్! అది నాది!" ఒరెస్తే కాటాను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "నీకు తెలీదు, ఫ్యాక్టరీలో..."

"నాకు తెలియాల్సింది తెలిసింది. ఇద్దరికి టిక్కెట్లు. నువ్వొస్తే నువ్వు. లేదంటే మా చెల్లెలు. ఎనిమిది రోజులు ఆ కాటాతో కాపురం చెయ్."

 ఒరెస్తే జనాన్ని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. కాటాను నేల మీద పెట్టాడు. మెల్లిగా, బరువున్నట్టు.

నెలీదా కవరు మాబెల్ చేతిలో పెట్టింది. ఇద్దరూ ఒకరి బుగ్గ మీద ఒకరు ముద్దు పెట్టుకున్నారు. "గొడుగు తీసుకెళ్ళండి," అంది నెలీదా, "అక్కడ తడిసిపోతారట."

*

సోమవారం పొద్దున ఆరింటికి కాటా ఎవుసేబియో తోపుడు బండి మీద ఫ్యాక్టరీలోకి వచ్చింది. వెనక నలభై మంది, రబ్బరు బూట్లు టపటపలాడిస్తూ. ఒరెస్తే తన కాటా పక్కన నిలబడి ఉన్నాడు. వద్దనలేదు. ఎలా అంటాడు? శుక్రవారం అన్న మాట నలభై జతల చెవుల్లో ఉంది, ఇంట్లో మాబెల్ పెట్టె సర్దుతోంది. చెవి మీద పెన్ను సరిచేసుకుని కాస్త జరిగి చోటిచ్చాడు.

తెల్మా ప్లగ్గు పెట్టింది. అంకెలు వెలిగాయి. జులేమా చేతిరుమాలుతో పళ్ళెం తుడిచి, ముద్రను కూడా తుడిచింది.

మొదటి పెట్టె నెలీదాదే. ఎవుసేబియో ముందు వాళ్ళ కాటా మీద పెట్టాడు. పందొమ్మిది కిలోల నాలుగు వందలు. తర్వాత ఫ్యాక్టరీ కాటా మీదికి ఎత్తాడు. అందరూ మెడలు చాచారు. ఎర్ర అంకెలు ఊగాయి, ఆగాయి.

పందొమ్మిది కిలోల నాలుగు వందలు.

ఒక్క క్షణం ఎవరికీ నమ్మకం కలగలేదు. తర్వాత కేకలు. జులేమా చేప తోకను నెత్తిన పెట్టుకుని గంతులేసింది. ముసలి ఎవుసేబియో తెల్మాను నడుం పట్టి రెండు చుట్లు తిప్పాడు. ఎవరో పాట ఎత్తుకున్నారు. నీళ్ళ గొట్టంతో ఎవరి మీదో ఎవరో నీళ్ళు కొట్టారు. రెండో పెట్టె తూచారు, సమానం. మూడోది, సమానం. ప్రతిసారీ గోలు కొట్టినట్టు అరిచారు. బాగుచేసేవాడెవడూ రాలేదు, ఆదివారం ఫ్యాక్టరీ తాళం తీయలేదు. ఆ పాత కాటాకు తనంతట తనకే బుద్ధొచ్చింది.

నెలీదా కూడా నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. చేతి తొడుగు తీసి నడుముకు దోపుకుని మేస్త్రీ ఎదురుగా వచ్చి నిలబడింది.

"బాగా తూస్తోంది, ఒరెస్తే."

"ఊఁ."

"మరి శుక్రవారం దాకా దీనికేమైంది?"

ఒరెస్తే పెన్ను తీశాడు. చూశాడు. మళ్ళీ పెట్టలేదు. నెలీదా వెనక పాట ఆగింది. బల్లల మీద కత్తులు ఒక్కొక్కటే కింద పెడుతున్న చప్పుడు, ఈ చివర్నుంచి ఆ చివరదాకా. తర్వాత నీళ్ళ చప్పుడొక్కటే.

ఎవరూ తొందరపెట్టలేదు. జవాబొచ్చేదాకా నిలబడటం వాళ్ళకు కష్టం కాదు. రోజుకు పది గంటలు నిలబడేవాళ్ళే.